నిప్పును ప్రశ్నించగలవారు కావాలి

(భిలాయి సెక్టర్ 4లో రైల్వే, తపాలా ఉద్యోగ సంఘాల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్టర్ 4లోని ఈ వీధులలో ఉత్తరాంధ్ర యాస నేటికీ వినిపిస్తున్నది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన నాటి నుండి, పొట్ట చేతబట్టుకొని ఇక్కడికి చేరిన తెలుగువారు ఎందరో ఉన్నారు. మన రైళ్లు పరుగెత్తే పట్టాలు ఈ కర్మాగారపు మిల్లులలో రూపు దిద్దుకొంటున్నవి. కనుక రైల్వే ఉద్యోగికి భిలాయి పరాయి ఊరు కాదు. ఇక్కడి కార్మికునికి రైలూ పరాయిది కాదు.

ఈ ఊరికి నిప్పుతోనే జీవనం. ఆ నిప్పే కొన్ని దినములలో మృత్యువై వచ్చినది. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ విభాగపు గ్యాస్ గొట్టంపై మరమ్మతు పని జరుగుతుండగా మంటలు చెలరేగి పదిమందికి పైగా మరణించారు. మృతులలో కర్మాగారపు అగ్నిమాపక సిబ్బంది కూడ ఉన్నారు. మంట వస్తే ఆర్పవలసినవారే మంటకు ఆహుతి అయినారు. వారికి ఈ వేదిక నుండి మా నివాళి.

నివాళితో మన కర్తవ్యం ముగియదు. నిప్పును ఆర్పేవారికి మన దేశంలో శిక్షణ ఉన్నది. అది చాలునా చాలదా అన్నది వేరే చర్చ. కాని నిప్పు ఆరిన తరువాత ఆ బూడిద ముందు కూర్చొని “ఎక్కడ పుట్టావు? ఎలా పుట్టావు? నిన్నెవరైనా పుట్టించారా, నీవే పుట్టావా?” అని అడిగి, జవాబు రాబట్టగలవారు మనకు ఎందరున్నారు? అగ్నిప్రమాదాలను, గృహదహనాలను, రైలు దహనాలను పరిశోధించేవారికి వృత్తి శిక్షణ ఏ విధంగా ఉండాలి? ఈనాటి మా ప్రసంగ విషయం ఇదే. ఇది పోలీసులకు సంబంధించిన విషయం కదా, కార్మిక సంఘానికి ఏమి పని అని కొందరు మిత్రులు అడిగారు. దానికి జవాబే ఈ ప్రసంగం.

రెండు మాటలు, ఒక బలిపశువు

ఏ అగ్నిప్రమాదం జరిగినా మొదటి గంటలోనే రెండు మాటలు పుడుతున్నవి. ఒకటి “షార్ట్ సర్క్యూట్”. రెండవది “విద్రోహ చర్య”. బోగీ ఇంకా చల్లారకముందే ఈ రెంటిలో ఏదో ఒకటి పత్రికలకు చేరుతున్నది.

2008 ఆగస్టు 1న అర్ధరాత్రి దాటిన వేళ వరంగల్ జిల్లా కేసముద్రం వద్ద గౌతమి ఎక్స్‌ప్రెస్ బోగీలు కాలి 30 మందికి పైగా మరణించారు. 2012 జూలై 30 తెల్లవారుజామున నెల్లూరు వద్ద తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 బోగీ కాలి 30 మందికి పైగా మరణించారు. 2013 డిసెంబర్ 28న అనంతపురం జిల్లా కొత్తచెరువు వద్ద బెంగుళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీలో 26 మంది నిద్రలోనే చిక్కుకొని పోయారు. నెల్లూరు ఘటన జరిగిన దినముననే ఒకరు షార్ట్ సర్క్యూట్ అన్నారు, మరొకరు విద్రోహాన్ని కొట్టివేయలేమన్నారు. ఇద్దరూ పెద్దలే. ఆనాటికి ఇద్దరి చేతిలోనూ పరీక్ష ఫలితం లేదు.

“నిప్పు లేనిదే పొగ రాదు” అని మనవారు అంటారు. నిజమే. కాని పొగను చూపి మనిషిని పట్టుకొనే వాడుక మనకు ఎక్కువైనది, నిప్పు జాడ వెదికే ఓర్పు తక్కువైనది. జాడ దొరకనప్పుడు నింద ఎవరి మీద పడుతున్నది? పాత వైర్లు మార్చడానికి నిధులు మంజూరు చేయని పై అధికారి మీద కాదు. బోగీలో పడుకొన్న అటెండెంటు మీద, ప్యాంట్రీ కుర్రవాని మీద, ఎలక్ట్రికల్ ఖలాసీ మీద, సార్టింగ్ గదిలో రాత్రి డ్యూటీ చేసినవాని మీద పడుతున్నది. కాంట్రాక్టు కార్మికుడైతే ఛార్జిషీటు కూడ ఉండదు. మరునాడు గేటు దగ్గర పాసు చెల్లదు, అంతే.

మా అనుభవంలోని ఒక సంగతి చెబుతాము. ఊరి పేరు, కార్యాలయం పేరు అవసరం లేదు. చాలా ఏండ్ల క్రితం ఒక మెయిల్ సార్టింగ్ గదిలో రాత్రివేళ సంచులు కాలినవి. ప్రాణనష్టం లేదు. తెల్లవారేసరికి పై అధికారి వస్తున్నాడని గది కడిగించారు. కాలిన సంచులను పెరట్లో కుప్పవేశారు. కరిగిన స్విచ్‌బోర్డును ఊడదీసి కొత్తది బిగించారు. ఆ తరువాత విచారణ మొదలైనది! డ్యూటీలో ఉన్న సార్టరుకు బీడీ అలవాటున్నదని ఒకరు సాక్ష్యం చెప్పారు. అది చాలినది. సస్పెన్షన్. అతని పక్షాన రక్షణ సహాయకులుగా మేము కూర్చున్నాము. బీడీ వలన కాదని మేము నిరూపించలేకపోయాము. బీడీ వలననే అని వారూ నిరూపించలేకపోయారు. అయినా శిక్ష పడినది అతనికే. ఆ గది కడిగిన నీటిలో అతని నిర్దోషిత్వమో, దోషమో, ఏదైతేనేమి, నిజం కొట్టుకొనిపోయినది. ఆనాడు ఏ ప్రశ్న అడగాలో మాకు తెలియదు. ఆ సిగ్గు మమ్ములను ఈ విషయం చదివించినది.

దహనకాండ కేసులలో ఏమి జరుగుతున్నది

ఇది నాణేనికి ఒక వైపు. రెండవ వైపు చూడండి. 2016 జనవరి 31న తునిలో ఆందోళన సందర్భంగా రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ బోగీలు తగులబెట్టబడినవి. అది ప్రమాదం కాదని అందరికీ తెలుసు. వేలాది కళ్లు చూసినవి. కేసు విజయవాడలోని రైల్వే న్యాయస్థానంలో ఏండ్లతరబడి నడిచి, 2023 మే 1న 41 మంది ముద్దాయిలపై కేసు కొట్టివేయబడినది. దర్యాప్తు జరిగిన తీరును న్యాయస్థానం తప్పుపట్టినది.

ఆ ముద్దాయిలు నిర్దోషులని న్యాయస్థానం చెప్పిన తరువాత వారిని గురించి వేరు మాట అనే హక్కు మనకు లేదు. మేము చెప్పేది ఇంతే: రైలు కాలినది, ఎవరు కాల్చారో ఏడేండ్ల తరువాత కూడ తేలలేదు. నిర్దోషులు ఏడేండ్లు కోర్టు మెట్లు ఎక్కారు, అసలు చేసినవారు ఎవరైనా సరే ఇంటి దగ్గర ఉన్నారు. ఆ రైలును నడిపిన సిబ్బందికి దక్కిన న్యాయమేమిటి? చెడు దర్యాప్తు ఒక పక్షానికి మాత్రమే అన్యాయం చేయదు, ఇరుపక్షాలకూ చేస్తుంది.

సమ్మె కాలంలో ఈ విషయం మరింత ముఖ్యం. సమ్మె నడుస్తుండగా ఒక షెడ్డులో నిప్పు అంటుకొంటే అది కార్మికుల విద్రోహమని ప్రకటించడానికి ఎంతసేపు పడుతుంది? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగేవారికి మన దేశంలో లోటు లేదు. శిక్షణ పొందిన, స్వతంత్రుడైన పరిశోధకుడు ఆనాడు మన శత్రువు కాదు, మనకు రక్షణ.

బూడిద చెప్పే సాక్ష్యం

అగ్నిని పరిశోధించడం ఒక శాస్త్రం. అది శాస్త్రం కాకముందు గురువు నుండి శిష్యునికి నోటిమాటగా వచ్చిన నమ్మకాల మూట. అమెరికా దేశంలో సైతం నిన్నమొన్నటివరకు అదే పరిస్థితి. కిటికీ అద్దం సాలెగూడువలె పగిలితే పెట్రోలు పోసినట్లు గుర్తు అనేవారు. 1991లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ పట్టణంలో వేలాది ఇండ్లు కాలినప్పుడు పరిశోధకులు ఆ ఇండ్ల అద్దాలను పరిశీలించారు. తరువాత ప్రయోగశాలలో పరీక్షించి చూస్తే, వేడెక్కిన అద్దంపై నీళ్లు పడితే అట్లా పగులుతుందని తేలినది. అనగా ఆ గుర్తు చేసినది నేరస్థుడు కాదు, అగ్నిమాపక దళపు గొట్టం!

నేలపై మడుగువంటి మచ్చ కనబడితే అక్కడ కిరోసినో పెట్రోలో పోశారనేవారు. మూసిన గదిలో మంట పెరిగినప్పుడు కప్పు కింద వేడి వాయువు పొరగా చేరుతుంది. ఆ వేడి ఒక స్థాయిని దాటగానే గదిలోని సామానంతా దాదాపు ఒక్కసారిగా అంటుకొంటుంది. దీనిని ఫ్లాషోవర్ అంటారు. ఆ తరువాత నేల కూడ కాలి, ఏమీ పోయకపోయినా పోసినట్లే మచ్చలు పడతాయి. 1991లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ నగరంలో ఒక హత్యారోపణ కేసులో ఈ సంగతి బయటపడినది. కాలిన ఇంటి పక్కనే ఉన్న అటువంటి ఇంటిని అదే విధంగా అమర్చి నిపుణులు కాల్చి చూశారు. కొద్ది నిమిషాలలోనే, ఏ ఇంధనమూ పోయకుండానే, అవే మచ్చలు ఏర్పడినవి. ముద్దాయి విడుదలైనాడు.

ఆ అదృష్టం అందరికీ దక్కలేదు. 1991 డిసెంబర్ 23న టెక్సాస్‌లోని కోర్సికానా పట్టణంలో కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్ అనే యువకుని ఇల్లు కాలి అతని ముగ్గురు ఆడపిల్లలు మరణించారు. పగిలిన అద్దాలు, నేలపై మచ్చలు చూపి అతడే తగులబెట్టాడని పరిశోధకులు సాక్ష్యం చెప్పారు. 2004 ఫిబ్రవరిలో అతనికి మరణశిక్ష అమలుపరిచారు. ఆ గుర్తులకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రసిద్ధ అగ్నిశాస్త్ర నిపుణులు తరువాత తేల్చి చెప్పారు. ఆ మాట వినడానికి అతడు లేడు.

అనుభవమొక్కటే చాలదనడానికి మరొక నిదర్శనం. 2005లో లాస్ వేగాస్‌లో ఫ్లాషోవర్ దాటి కాలిన ఒక గదిని చూపి, మంట ఏ మూల పుట్టినదో చెప్పమని 53 మంది పరిశోధకులను అడిగారు. సరిగా చెప్పినవారు ముగ్గురు. మరొక గది చూపారు. అందులోనూ ముగ్గురే. నాలుగు మూలలలో ఒకటి గుడ్డిగా చెప్పినా పదముగ్గురు సరిపోవలసిన లెక్క!

అందువలననే అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం 1992లో 921 అనే సంఖ్యతో పరిశోధకులకు మార్గదర్శి గ్రంథాన్ని వెలువరించినది. పరిశోధకునికి ఉండవలసిన అర్హతలను 1033 అనే మరొక ప్రమాణం నిర్ణయిస్తున్నది. వాటి సారాంశం ఇది: ముందుగా అభిప్రాయం ఏర్పరచుకోరాదు. సమాచారం సేకరించి, సాధ్యమైన కారణాలన్నిటినీ ఊహించి, ఒక్కొక్కదానిని పరీక్షకు పెట్టాలి. నిలబడినదే కారణం. ఏదీ నిలబడకపోతే “కారణం నిర్ణయించలేము” అని వ్రాయాలి. వేరే కారణం కనబడలేదు కనుక ఎవరో తగులబెట్టారని వ్రాయడం తప్పు. ఆ ఒక్క వాక్యం వ్రాయగల నిజాయితీ శిక్షణలో పెద్ద భాగమని మా అభిప్రాయం.

బోగీలో, సార్టింగ్ గదిలో

ఇది మన పనిచోట్లకు ఎట్లా వర్తిస్తుంది? షార్ట్ సర్క్యూట్ సంగతే తీసుకొనండి. కాలిన చోట రాగితీగ కొస కరిగి పూసవలె కనబడితే “ఇదిగో షార్ట్ సర్క్యూట్” అంటారు. కాని వేరే కారణంతో పుట్టిన మంట తీగపై తొడుగును కాల్చినప్పుడు, కరెంటు పారుతూ ఉంటే అక్కడా షార్ట్ అవుతుంది. అప్పుడు ఆ పూస మంటకు తల్లి కాదు, బిడ్డ. ఏది తల్లి, ఏది బిడ్డ అన్నది తెలుసుకొనడానికి ఏ బ్రేకరు ఎప్పుడు పడినది, తీగ ఎక్కడెక్కడ కరిగినది, కరెంటు ఏ వైపు నుండి వచ్చినది అన్న లెక్క కావాలి.

బోగీలోని రెక్సిను, నురుగు పరుపు, ప్లాస్టిక్కు కాలినప్పుడు పెట్రోలియం వస్తువులను పోలిన ఆవిరులు వెలువడతాయి. కాబట్టి ప్రయోగశాలకు కాలిన ముక్క ఒక్కటే పంపితే చాలదు. కాలని పరుపు ముక్కను కూడ పోలిక కొరకు పంపాలి. రెంటినీ గాలి చొరని లోహపు డబ్బాలోనో గాజు సీసాలోనో బిగించాలి. సాధారణ పాలిథిన్ సంచిలో పెడితే ఆవిరి కాస్తా దారిలోనే పోతుంది. మృతుల రక్తంలో కార్బన్ మోనాక్సైడు ఎంత, శ్వాసనాళంలో మసి ఉన్నదా అని చూస్తే, మంట వచ్చేటప్పటికి వారు బ్రతికి ఉన్నారా లేదా తెలుస్తుంది. తపాలా సంచిలో నిప్పు పుడితే ఏ పార్సెలు, ఎవరు పంపారు, అందులో బ్యాటరీయో, రసాయనమో, బాణసంచాయో ఉన్నదా అని అడగాలి. అవన్నీ అడిగిన తరువాతనే బీడీ సంగతి.

2024 ఆగస్టు 4న కోర్బా నుండి వచ్చిన ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నం స్టేషనులో ఆగి ఉండగా మూడు ఏసీ బోగీలు కాలినవి. ఈ ఛత్తీస్‌గఢ్ నుండి మనవారు స్వస్థలాలకు వెళ్లే రైళ్లలో అదొకటి. ప్రయాణికులు దిగిపోయి ఉన్నందున ప్రాణనష్టం తప్పినది. ప్రాణనష్టం లేని ప్రమాదమే మంచి పాఠశాల అని మేము భావిస్తాము. అటువంటి బోగీని ఓర్పుగా చదివితే రేపటి నెల్లూరు తప్పవచ్చు.

దీనికి లండన్ నగరం ఒక ఉదాహరణ. 1987 నవంబర్ 18న కింగ్స్ క్రాస్ భూగర్భ రైల్వే స్టేషనులో మంటలు లేచి 31 మంది మరణించారు. డెస్మండ్ ఫెన్నెల్ అధ్యక్షతన బహిరంగ విచారణ జరిగినది. కొయ్యతో చేసిన కదిలే మెట్ల కింద పేరుకొనిపోయిన గ్రీజు, చెత్తపై ఎవరో పారవేసిన అగ్గిపుల్ల పడి నిప్పు అంటుకొన్నదని తేలినది. అక్కడితో ఆగితే పొగత్రాగినవానిదే తప్పు అయివుండేది. కాని పరిశోధకులు ఆ మెట్ల కింద పాత మంటల గుర్తులు ఎన్నో కనుగొన్నారు. అంతకుముందు ఎన్నోసార్లు అక్కడ నిప్పు పుట్టి తానే ఆరినదన్నమాట. ఏటవాలు మెట్ల లోయలో మంట పైకి లేవక, మెట్లకు ఆనుకొని పాకి, పై హాలులోకి ఒక్కసారిగా విసురుతుందన్న కొత్త సత్యాన్ని కంప్యూటరు లెక్కతోను, నమూనా కట్టి కాల్చిన ప్రయోగంతోను నిర్ధారించారు. శుభ్రత లోపం, సిబ్బందికి శిక్షణ లేమి, యాజమాన్యపు ఉదాసీనత నివేదికకెక్కినవి. సంస్థ అధినేతలు పదవులు వదిలారు. కొయ్య మెట్లు తొలగించబడినవి. అగ్గిపుల్ల వద్ద ఆగని విచారణ అంటే అది.

మన దేశంలో ఏమున్నది, ఏమి లేదు

ఏమీ లేదని మేము అనము. ఇదే హౌరా–ముంబయి మార్గంలో, ఇక్కడికి ఒక పూట ప్రయాణం దూరంలో నాగపూరులో జాతీయ అగ్నిమాపక కళాశాల ఉన్నది. 1956లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూరులో ప్రారంభమై, మరుసటి యేడు నాగపూరుకు తరలినది. రాష్ట్రాల అగ్నిమాపక అధికారులెందరో అక్కడ చదివినవారే. హైదరాబాదులో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉన్నది. రైలు ప్రమాదాలను విచారించే రైల్వే భద్రతా కమిషనర్లు రైల్వే మంత్రిత్వశాఖ కింద గాక పౌర విమానయాన శాఖ కింద ఉన్నారు. విచారించేవాడు, విచారింపబడేవాడు ఒకరే కారాదన్న సూత్రంపై 1941లో ఆ విభజన జరిగినది. ఆనాడు వారిని చేర్చినది తపాలా, వైమానిక శాఖలో అని తెలిస్తే ఇక్కడి తపాలా మిత్రులు సంతోషిస్తారు.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షను, ఏడేండ్లు లేదా అంతకుమించి శిక్ష పడగల నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లి తీరాలంటున్నది. దీనిని అమలులోకి తెచ్చే తేదీ ప్రకటించుకొనడానికి రాష్ట్రాలకు ఐదేండ్ల గడువున్నది. ఇది మంచి శాసనం. కాని వేలిముద్ర చదివినవాడు కాలిన గోడను చదవగలడని నమ్మకం లేదు. ఆర్పడం నేర్చినవానికి నేరశాస్త్రం తెలియదు, నేరశాస్త్రం తెలిసినవానికి మంట నడక తెలియదు, ఇద్దరికీ బోగీ నిర్మాణం తెలియదు. ఈ మూడూ ఒక్క మనిషిలో కలిపే చదువు కావాలి. ఇక కర్మాగారపు షెడ్డులోనో, సార్టింగ్ గదిలోనో చిన్న నిప్పు పుడితే భద్రతా కమిషనరు రాడు, ఫోరెన్సిక్ నిపుణుడూ రాడు. ఆ శాఖ అధికారే విచారణాధికారి. మనవారి ఉద్యోగాలు పోతున్నది అక్కడనే.

మన కోర్కెలు, మన కర్తవ్యాలు

అందుచేత మేము ఈ క్రింది కోర్కెలను ముందుంచుతున్నాము. ఒకటి, అగ్ని పరిశోధనను ప్రత్యేక వృత్తిగా గుర్తించి, నిజంగా కాల్చి చూపే ప్రయోగ గదులతో సహా శిక్షణ ఏర్పరచి, పరీక్ష నెగ్గినవారికే అర్హతాపత్రం ఇవ్వాలి, దానిని కాలపరిమితితో తిరిగి పరీక్షించాలి. రెండు, ఉద్యోగిపై అగ్నిప్రమాద బాధ్యత మోపే ఏ ఛార్జిషీటుకైనా అట్టి అర్హుని నివేదిక జతపరచాలి. మూడు, ఆ పరిశోధకుడు విచారింపబడే శాఖకు జవాబుదారీ కారాదు. నాలుగు, నివేదికలను ప్రచురించాలి, కాంట్రాక్టు కార్మికులకు కూడ విచారణలో మాట చెప్పుకొనే హక్కు ఉండాలి.

కోర్కెలు నెరవేరేవరకు చేతులు ముడుచుకొని కూర్చోరాదు. 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నియమాలు, 1965 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల నియమాలు విచారణలో రక్షణ సహాయకుని అనుమతిస్తున్నవి. ప్రతి శాఖ నుండి ఇద్దరు సహాయకులు ఈ విషయం నేర్చుకొనాలి. అడగవలసిన ప్రశ్నలు కష్టమైనవి కావు. మంట ఎక్కడ మొదట కనబడినది, ఎవరు చూశారు? తలుపులు, కిటికీలు తెరిచి ఉన్నవా? ఏ బ్రేకరు పడినది? చోటును కడగమని, సామాను తీయమని ఎవరు, ఎన్నిగంటలకు ఆజ్ఞాపించారు? నమూనా ఏ డబ్బాలో పంపారు? పోలిక నమూనా ఉన్నదా? మిగిలిన కారణాలను ఏ పరీక్షతో కొట్టివేశారు?

ప్రతి సభ్యునికి మరొక మాట. నిప్పు వస్తే ముందు ప్రాణాలు కాపాడండి, అందులో రెండవ ఆలోచన లేదు. ఆరిన తరువాత చీపురు పట్టవద్దు. ఫోటోలు తీయండి. ఒక కాగితంపై గది పటం గీసి, ఏది ఎక్కడ ఉన్నదో, ప్రాణరక్షణ కొరకు దేనిని కదిలించారో వ్రాసి, గంట వేసి, సంతకం చేయండి. కరిగిన స్విచ్‌బోర్డును చెత్తబుట్టలో వేయవద్దు, వేయనివ్వవద్దు. కడగమని ఆజ్ఞ వస్తే వ్రాతపూర్వకంగా అడగండి.

మిత్రులారా, ఆనాడు మా సార్టరు సోదరుని గది కడుగుతుంటే బకెట్టు అందించినవారు మన సంఘ సభ్యులే. వారు చెడ్డవారు కారు. పై అధికారి వచ్చేసరికి శుభ్రంగా ఉండాలనుకొన్నారు. వారికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మాకే తెలియదు. ఈనాడు మీకు చెప్పాము. ఇక మీ డిపోలలో, మీ షెడ్లలో, మీ సార్టింగ్ గదులలో మీరు చెప్పండి.